నలభై ఎనిమిది కిలోలు

నా కొడుకు పదో తరగతి చదివిన ఏడాది స్కూలు తరఫున కుస్తీ పట్టాడు. మండల పోటీలతో మొదలై రాష్ట్ర పోటీలతో ముగిసింది. మొత్తం నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ నేను వాడి వెంటే ఉన్నాను. ఏదీ నా చాటున జరగలేదు. నాకు తెలియదని చెప్పుకునే వీలు ఉంటే ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదేమో.

నేను బోధన్‌లో అంగన్‌వాడీ టీచర్‌ని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ప్రతి నెలా పిల్లల్ని తూకం వేసి, కార్డులో గీత పైకి పోతోందా కిందికి పోతోందా చూసి, కిందికి పోతే తల్లిని కూర్చోబెట్టి మాట్లాడాలి. మా ఆయన మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. ఆయన సొంతూరు కోటగిరి పక్కన. పెళ్ళికి ముందు జాతరల్లో కుస్తీలు పట్టేవాడట. మాకు ఒక్కడే కొడుకు.

వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూల్‌కి కొత్తగా పీఈటీ సారు వచ్చాడు. ఆయన కూడా ఒకప్పటి పహిల్వానే. ఊరి చివర పాడుబడిన తాలీం, అంటే కుస్తీ గోదా, ఒకటి ఉండేది. ఆయన పిల్లల్ని వెంటేసుకుని అక్కడ గడ్డి పీకించి, ఎర్రమట్టి తెచ్చి పోయించి, స్కూలు అయ్యాక ఆరుగురు పిల్లలకు కుస్తీ నేర్పడం మొదలుపెట్టాడు. మావాడు మొదటి రోజు మట్టి కొట్టుకుని ఇంటికొచ్చి, స్నానం చేయకుండానే నా ముందు నిలబడి, "అవ్వా, నా చెయ్యి గుంజు సూడు" అన్నాడు. గుంజాను. క్షణంలో వాడి భుజం నా చంక కిందికి వచ్చింది, నా కాళ్ళు నేల మీద లేవు. భయపడి అరిచాను. వాడు నన్ను మెల్లగా కిందికి దించి పడీ పడీ నవ్వాడు. చదువులో వాడు అంతంతమాత్రం. ఒక పని వచ్చినందుకు వాడు అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

పదో తరగతిలో ఆగస్టు చివర సారు మా ఇంటికి వచ్చాడు. కుస్తీలో బరువును బట్టి పోటీలు పెడతారని, నలభై ఎనిమిది కిలోల వాడు నలభై ఎనిమిది కిలోల వాడితోనే తలపడతాడని చెప్పాడు. మావాడి బరువు యాభై రెండు.

"యాభై ఒకటిల నిజామాబాద్ పోరడొకడున్నడమ్మా. వాడు రెండేండ్ల సంది స్టేట్‌ల గెలుస్తుండు. నలభై ఎనిమిదిల మనోనికి అడ్డమొచ్చేటోడు లేడు" అన్నాడు సారు.

"నాలుగు కిలోలు ఎట్ల తగ్గుతడు సారూ? వాని ఒంట్ల కొవ్వే లేదు."

"అందరు తగ్గుతరు. గది కుస్తీల మామూలే. నేను గూడ గట్లనే తగ్గేటోన్ని."

సారు చెడ్డవాడు కాదు. ఈ మాట ఇప్పుడు కూడా అంటాను. తాలీం కోసం తన సెలవులన్నీ ఖర్చు పెట్టుకున్న మనిషి. ఆయనకు తెలిసిన దారి అదే, ఆయన్ని నడిపించిన వాళ్ళకు తెలిసిన దారీ అదే.

మూడు వారాలు వాడు అన్నం మానేశాడు. ఒక జొన్నరొట్టె, రెండు గుడ్లు, కాస్త ఆకుకూర. పొద్దున్నే బనీను మీద స్వెట్టరు, దాని మీద రెయిన్‌కోటు తొడుక్కుని చెరుకు తోటల మధ్య రోడ్డు మీద పరుగెత్తేవాడు. నేను స్కూటీ మీద వెనకాల మెల్లగా వెళ్ళేదాన్ని. ఇంటికి వచ్చి రెయిన్‌కోటు విప్పితే నీళ్ళు కారేవి. చివరి రోజు మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మరునాడు నిజామాబాద్‌లో జిల్లా పోటీలు. తూకంలో నలభై ఏడు కిలోల తొమ్మిది వందల గ్రాములు వచ్చాడు. తూకం అయిన వెంటనే గ్లూకోజు నీళ్ళు, అరటిపళ్ళు ఇచ్చాం. గంటన్నరలో వాడి మొహానికి రంగు వచ్చింది.

ఆ రోజు వాడు మూడు కుస్తీలు పట్టాడు. మూడూ గెలిచాడు. ఫైనల్లో ఎదుటివాడి చెయ్యి తన భుజం మీదికి లాక్కుని, నడుము మీదుగా తిప్పి మ్యాటు మీద వేశాడు. దాన్ని తాలీంలో ధోబీ అంటారట, చాకలి బట్టను బండకేసి కొట్టినట్టు ఉంటుంది కాబట్టి. రెఫరీ మావాడి చెయ్యి పైకెత్తాడు. నేను బెంచీ ఎక్కి నిలబడి అరిచాను. పక్కన ఎవరున్నారో, కొంగు ఎటు పోయిందో చూసుకోలేదు. మస్కట్‌లో ఆయన వీడియో కాల్‌లో అదంతా చూసి ఏడ్చాడు.

మరునాడు పేపర్లో జిల్లా పేజీలో వాడి ఫోటో వచ్చింది. కూరగాయల మార్కెట్లో నాకు పరిచయం లేని ఆడవాళ్ళు కూడా "పహిల్వాన్ అవ్వ" అని పలకరించారు. ఆ వారం నేను అవసరం లేకున్నా మూడుసార్లు మార్కెట్‌కు వెళ్ళాను. తర్వాత జరిగిన దాంట్లో ఆకలి ఎంత ఉందో, నా ఈ మురిపెం కూడా అంత ఉంది.

రాష్ట్ర పోటీలు రెండున్నర నెలల తర్వాత. అవీ ఆ ఏడు నిజామాబాద్‌లోనే. ఈలోగా వాడు పెరిగాడు. పదిహేనేళ్ళ పిల్లవాడు కదా. దసరాకి కుట్టించిన ప్యాంటు దీపావళికి చీలమండ పైకి పోయింది. గొంతు మారింది. మామూలుగా రెండు పూటలా తింటే యాభై నాలుగున్నర కిలోలు వచ్చాడు. నాకు సంతోషం వేయాలి. కాని ఆ అంకె చూసి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

సారు దగ్గరికి వెళ్ళాను. "పై బరువుల పెట్టుండ్రి సారూ" అని అడిగాను.

"జిల్లా నుంచి నలభై ఎనిమిదిల సెలక్ట్ అయిండమ్మా. అండ్లనే ఆడాలె. లేకుంటే రెండో నెంబర్ల ఉన్న పోరన్ని పంపుతరు. పంపియ్యద్దంటే పంపియ్యను. మీరే చెప్పుండ్రి."

రాత్రి మా ఆయనతో ఫోన్లో మాట్లాడదామనుకుని వచ్చేశాను.

"ఆరున్నర కిలోలు తగ్గాలంటుండ్రు. నాకు భయమైతుంది. జెర మీరు చెప్పుండ్రి వానికి" అన్నాను ఆయనతో.

"నాలుగు దినాల కష్టమే గదనే. స్టేట్ గెలిస్తే స్పోర్ట్స్ హాస్టల్ల సీటొస్తది, రేపు నౌకరి దొరుకుతది. నా లెక్క ఎండల క్రేన్ మీద కూసోవాల్నా వాడు?" అన్నాడు.

పక్క గదిలోంచి వాడు వచ్చాడు. అంతా విన్నాడు. "అవ్వా, నువ్వు అడ్డం జెప్పకు. ఇంకోడు నా జాగల పోతే నేను మళ్ళ తాలీంల మొకం ఎట్ల సూపియ్యాలె?" అన్నాడు. వాడి గొంతు సగం మగవాడిది, సగం పిల్లవాడిది. ఇద్దరూ ఒకవైపు ఉన్నారు, నేను ఒక్కదాన్నే ఒకవైపు ఉన్నానని అనుకున్నాను. కాదు. నేను ఏ వైపూ లేను. గట్టిగా వద్దంటే వాడు మానేసేవాడే. నేను గట్టిగా అనలేదు.

నవంబరులో చెరుకు కోతలు మొదలయ్యాయి. మహారాష్ట్ర నుంచి కోత కూలీలు వచ్చి రోడ్ల పక్క గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ పిల్లలు మా కేంద్రానికి వచ్చేవారు. ఒక రోజు ఒకామె ఏడాదిన్నర పాపను తెచ్చింది. తూకం వేస్తే ఆరున్నర కిలోలు. నాకు కోపం వచ్చింది. రోజూ గుడ్డు పెడుతున్నావా, పాలు పడుతున్నావా, పిల్లను కడుపు మాడ్చి చంపుతావా అని వచ్చీరాని మరాఠీలో కేకలేశాను. ఆమె తల వంచుకుని విన్నది. అప్పుడే నా కొడుకు ఇంటి తాళం కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దవడలు లోపలికి పోయి, పెదాలు పగిలి, కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె వాడిని చూసి, నన్ను చూసి, "తుమ్‌చా పోర్‌గా ఆజారీ హాయ్ కా, బాయీ?" అని అడిగింది. మీ పిల్లాడికి జబ్బా అని. ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది.

"కాదు, కుస్తీ" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. పాపను చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. వాడికి తాళం ఇచ్చి పంపించాను.

పోటీలకు రెండు రోజుల ముందు యాభై కిలోల దగ్గర బరువు ఆగిపోయింది. ఎంత పరుగెత్తినా చెమట రావడం లేదు. అప్పటి నుంచి వాడు నీళ్ళు పూర్తిగా మానేశాడు. అలాగైనా కొన్ని గ్రాములు పోతాయని ఖాళీ సీసా ఒకటి చేతిలో పట్టుకుని అందులో ఉమ్ముతూ ఉండేవాడు. ఉమ్మి ఊరడం కోసం చింతపండు నాకేవాడు. ఆ చింతపండు చిన్న ఉండలు చేసి ఇచ్చింది నేనే.

పోటీల రోజు మొదటి బస్సులో నిజామాబాద్ వెళ్ళాం. సారు అప్పటికే హాలు దగ్గర ఉన్నాడు. తూకానికి ఇంకా గంట టైముంది. మేము తలుపు బయట మెట్ల మీద కూర్చున్నాం. వాడు నా భుజానికి ఆనుకుని ఉన్నాడు. ఒళ్ళు వేడిగా ఉంది, కాని చర్మం పొడిగా కాగితంలా ఉంది. నా సంచిలో తూకం తర్వాత తాగడానికి తెచ్చిన నీళ్ళ సీసా ఉంది. వాడు దాని మీద చెయ్యి వేశాడు.

"అవ్వా, ఒక్క గుక్క. మింగను. పుక్కిలించి ఊంచేస్త."

నేను సీసా తీసి నా వెనక పెట్టుకున్నాను. "ఇంక గంటనే బిడ్డా. గింత దూరమొచ్చి ఇప్పుడు పాడు చేసుకుంటవా?" అన్నాను.

వాడు మళ్ళీ అడగలేదు. నా కొడుకు నన్ను నీళ్ళడిగితే నేను ఇవ్వలేదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. సారు హాలు లోపల ఉన్నాడు, మా ఆయన మస్కట్‌లో ఉన్నాడు. ఆ మెట్ల మీద మేమిద్దరమే ఉన్నాం.

తూకంలో నూట యాభై గ్రాములు ఎక్కువ వచ్చాడు. తూకం మూసేలోగా ఇంకోసారి ఎక్కవచ్చని చెప్పారు. అరగంట ఉంది. సారు ఉరుకుతూ వచ్చి, "ఎంటికలు తీసేద్దాం" అన్నాడు. వాడిది ఒత్తయిన జుట్టు, నా పోలిక. వేరే జిల్లా వాళ్ళ దగ్గర ట్రిమ్మర్ దొరికింది. స్నానాల గది ముందు వాడు నేల మీద కూర్చున్నాడు, సారు గుండు గీశాడు, నేను తల కదలకుండా పట్టుకున్నాను. తర్వాత వాడు స్వెట్టరు వేసుకుని మెట్లు ఎక్కాడు, దిగాడు, ఎక్కాడు, దిగాడు. పదోసారో పదకొండోసారో గోడ పట్టుకుని ఆగాడు. సారు వాడి చెయ్యి పట్టుకుని తూకం దగ్గరికి నడిపించాడు. బట్టలన్నీ తీసేసి ఎక్కాడు. నలభై ఎనిమిది. అక్కడున్న అధికారి రాసుకున్నాడు. సారు నా వైపు చూసి బొటనవేలు చూపించాడు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. దేనికి పెట్టుకున్నానో ఇప్పటికీ ఆలోచిస్తాను.

నీళ్ళు ఇచ్చాం. తాగాడు, కక్కాడు. మళ్ళీ తాగాడు, మళ్ళీ కక్కాడు. అరటిపండు నోట్లో పెట్టుకుని మింగలేకపోయాడు. రెండు గంటల తర్వాత వాడి పేరు పిలిచారు.

ఎదుటివాడు ఆదిలాబాద్ పిల్లవాడు. మావాడి కంటే పొట్టి. మావాడి కాళ్ళలో, చేతుల్లో జిల్లా పోటీలప్పటి బలం లేదు. ఆ పిల్లవాడు కాళ్ళు పట్టి లాగితే పడిపోయాడు. లేవబోయాడు. రెండు పిక్కలూ ఒక్కసారే పట్టేసి ముడి పడ్డాయి, నేను కూర్చున్న చోటి నుంచే కనబడ్డాయి. నోరు తెరిచాడు గాని శబ్దం రాలేదు. ఎదుటి పిల్లవాడే భయపడి వదిలేసి వెనక్కి జరిగాడు. నిమిషం కూడా పట్టలేదు.

కండరాలు పట్టాయి, రుద్దితే పోతుందన్నారు. రుద్దాం. ఓఆర్ఎస్ పట్టించాం. మధ్యాహ్నం వాడు మూత్రానికి వెళ్ళి గోడ పట్టుకుంటూ తిరిగి వచ్చాడు.

"అవ్వా, నల్లగొచ్చింది. చాయ డికాషన్ లెక్క" అన్నాడు.

సారు ఆటో పిలిచాడు. పెద్ద దవాఖానలో అడ్మిట్ చేశారు. సాయంత్రానికి కాళ్ళు, మొహం ఉబ్బాయి. మూత్రం రావడం ఆగిపోయింది. నీళ్ళు లేక, దాని మీద అంత శ్రమ చేయడంతో కండరాలు కరిగి ఆ చెత్తంతా మూత్రపిండాల్లో అడ్డుపడిందని డాక్టరమ్మ చెప్పింది. డయాలసిస్ పెట్టాలంది.

"ఎన్ని దినాల నుంచి నీళ్ళు తాగలేదమ్మా బాబు?" అని అడిగింది.

"రెండు దినాలు."

"ఇంట్ల ఎవరు చూస్కుంటరు?"

"నేనే."

"నువ్వేం పని చేస్తవమ్మా?"

అంగన్‌వాడీ టీచర్‌ని అని చెప్పాను. ఆమె రాస్తున్న పెన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను. మళ్ళీ రాసుకుంది. తిట్టినా బాగుండేది.

ఆరుసార్లు డయాలసిస్ చేశారు. నాలుగో రోజు మా ఆయన మస్కట్ నుంచి వచ్చాడు. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వార్డుకే వచ్చి, మంచం అంచున కూర్చుని, వాడి గుండు మీద చెయ్యి పెట్టాడు. వాడు కళ్ళు తెరిచి ఆయన్ని చూశాడు.

"బాపూ, బరువైతే వచ్చిన" అన్నాడు.

ఆయన లేచి బయటికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వెతుకుతూ వెళితే ఆస్పత్రి వెనక, బట్టలు ఆరేసే చోట, గోడకు నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళలేదు. ఆయన తనని తిట్టుకుంటే నేను వద్దనాలి, నన్ను తిడితే ఒప్పుకోవాలి. ఆ రెండింటికీ నా దగ్గర ఓపిక లేదు.

సారు రోజూ వచ్చి వార్డు బయట కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. ఒక రోజు, "నేను గూడ గిట్లనే తగ్గిన్నమ్మా, నాకేం కాలే. నాకేం కాలే గాబట్టి ఎవ్వరికేం గాదనుకున్న" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.

మూడు వారాలకు ఇంటికి పంపించారు. మూత్రపిండాలు పూర్తిగా కోలుకోలేదు. ఎంతవరకు కోలుకుంటాయో చెప్పలేమన్నారు. కుస్తీ లేదు, బరువులెత్తడం లేదు. తినేదీ తాగేదీ కొలతే. నెలకోసారి రక్త పరీక్ష. మా ఆయన నెలన్నర ఉండి వెళ్ళిపోయాడు. ఉన్నన్ని రోజులూ ఇంట్లో మేము ముగ్గురం టీవీ సౌండు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. వెళ్ళే రోజు వాడిని దగ్గరికి తీసుకుంటే, వాడు కర్రలా నిలబడ్డాడు.

నేను మళ్ళీ డ్యూటీలో చేరాను. తల్లులు వస్తారు, పిల్లల్ని తూకం వేస్తాను, కార్డు నింపుతాను. ఇంతకు ముందులా ఎవరినీ కేకలేయలేను. ఒకసారి వెనక వరుసలో ఎవరో మెల్లగా, "టీచరమ్మ కొడుకుకే తిండి లేకపాయె" అన్నారు. ఎవరో చూడాలని కూడా అనిపించలేదు. తప్పేమన్నారు?

వాడు పదో తరగతి పరీక్షలు రాశాడు, రెండు సబ్జెక్టులు పోయాయి. తాలీం ఉన్న వీధి తప్పించి చుట్టు తిరిగి వస్తాడు. జుట్టు పెరిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మెట్ల మీది సంగతి వాడికి గుర్తుందో లేదో నాకు తెలియదు. అడగడానికి నాకు ధైర్యం లేదు.

పోయిన నెల పరీక్షకు నిజామాబాద్ వెళ్ళాం. రిపోర్టులో క్రియాటినిన్ అంకె కిందటి నెల కంటే కొంచెం పెరిగింది. పెరగకూడదు. డాక్టరమ్మ మందు మార్చి, వచ్చే నెల చూద్దాం అంది. తిరుగు బస్సులో వాడు కిటికీ పక్క కూర్చున్నాడు. ఎడపల్లి దాటాక, నా వైపు తిరగకుండానే అడిగాడు.

"అవ్వా, యాభై ఒకటిల ఆడితే నేను గెలిసేటోన్నా?"

ఏం చెప్పాలి? గెలిచేవాడివి అంటే, అది పోగొట్టింది మేమే అన్నట్టు. గెలిచేవాడివి కాదు అంటే, వాడి దగ్గర మిగిలింది కూడా తీసేసుకున్నట్టు.

"ఓడినా ఏమయ్యేది బిడ్డా" అన్నాను.

వాడు కిటికీలోంచి చూస్తూనే, "అప్పుడు గా మాట ఎవ్వరనలే" అన్నాడు.

కోపంగా అనలేదు. బోధన్‌లో బస్సు దిగాక మందుల సంచి నా చేతిలోంచి తను తీసుకుని ముందు నడిచాడు. నాలుగు అడుగులు వెనకాల నేను నడిచాను.